రహీమ్ సాబ్: స్కూల్ టీచర్‌గా మొదలై.. దేశానికి రెండు బంగారు పతకాలు తెచ్చిన హైదరాబాదీ

హైదరాబాద్: 1962 సెప్టెంబర్ 4. ఇండోనేషియా రాజధాని జకార్తా. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ ఫైనల్. స్టేడియంలో దాదాపు లక్ష మంది. అందులో ఇండియాకు సపోర్ట్ చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మన ప్లేయర్ల కాలికి బంతి తగిలితే చాలు, స్టేడియం మొత్తం గోల చేస్తోంది. ఎదురుగా దక్షిణ కొరియా. అదే టోర్నీలో మొదటి మ్యాచ్‌లో ఇండియాను 2-0తో ఓడించిన టీమ్.

గ్రౌండ్ బయట బెంచ్ మీద 53 ఏళ్ల ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒంట్లో బాగోలేదు. క్యాన్సర్ ఆయన్ని లోపల్నుంచి తినేస్తోంది. ఆ మ్యాచ్ తర్వాత ఆయన బతికింది తొమ్మిది నెలలే. ఆ రోజు ఇండియా 2-1తో గెలిచింది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి వచ్చిన చివరి బంగారు పతకం అదే. ఆరు దశాబ్దాలు దాటిపోయింది, మళ్లీ రాలేదు.

ఆ మనిషి పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ ఫుట్‌బాల్ జనానికి రహీమ్ సాబ్. 2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగన్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమాతో చాలామందికి ఆ పేరు మొదటిసారి తెలిసింది. అయితే సినిమా ఎక్కువగా చూపించింది ఇండియా కోచ్‌ని. దానికంటే ముందు ఆయన ఒక స్కూల్ టీచర్. మన కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన కోచింగ్‌లో కనిపించే ప్రతి ఐడియాకూ మూలం అక్కడే ఉంది.

ఎవరీ రహీమ్?

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి ఇది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, యూనివర్సిటీ టీమ్‌కి ఆడారు. సిటీ కాలేజ్ పాత, కొత్త విద్యార్థులు కలిసి పెట్టుకున్న 'ఎలెవన్ హంటర్స్' అనే టీమ్‌లో కూడా ఆయన ఉన్నారు. ఆటగాడిగా మంచి పేరే వచ్చింది. కానీ అప్పట్లో ఫుట్‌బాల్ ఆడితే ఇల్లు గడవదు. అందుకే చదువు పూర్తయ్యాక టీచర్ ఉద్యోగంలో చేరారు.

కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇవీ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా కూడా చేశారు. ఆ తర్వాత స్కూల్లో ఆటల బాధ్యత ఆయన చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనలో చాలామందికి గేమ్స్ పీరియడ్ అంటే గుర్తొచ్చేది ఏంటి? పరీక్షలు దగ్గరపడితే లెక్కల సార్ లాగేసుకునే పీరియడ్. పీఈటీ సార్ అంటే విజిల్ ఊది లైన్‌లో నిలబెట్టే మనిషి. రహీమ్‌కి దొరికింది కూడా దాదాపు అదే ఉద్యోగం. కాకపోతే ఆయన ఆ పనిని పాఠం చెప్పినంత సీరియస్‌గా తీసుకున్నారు. ఆటని కూడా లెసన్ ప్లాన్ వేసుకుని, చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నేర్పొచ్చని నమ్మారు.

అసోసియేషన్ పని కూడా నెత్తిన వేసుకుని..

1940ల మొదట్లో రహీమ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. అంటే సుమారు 20 ఏళ్లు.

లోకల్ అసోసియేషన్ సెక్రటరీ అంటే పేరుకే పెద్ద పోస్ట్. పని మాత్రం ఇప్పుడు మనం వాలంటీరింగ్ అంటున్నామే, అదే. లీగ్ నడపాలి. గ్రౌండ్ దొరికేలా చూడాలి. రిఫరీలను పిలవాలి. టీమ్‌ల మధ్య గొడవ వస్తే సర్ది చెప్పాలి. ఏ బస్తీలో ఏ కుర్రాడు బాగా ఆడుతున్నాడో కనిపెట్టాలి. పేపర్‌లో ఫొటో పడే పని కాదు ఇది. కానీ ఈ పని చేసే మనిషి లేకపోతే ఏ ఊళ్లోనూ ఆట బతకదు.

ఎడమ కాలితోనే గోల్ కొట్టాలి!

రహీమ్ సాబ్ పిల్లలకు పెట్టిన టోర్నమెంట్ల గురించి వింటే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది.

ఒకటి, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్. ఆ రోజుల్లో మన దేశంలో గొప్ప ప్లేయర్ అంటే బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని నలుగురిని తప్పించుకుని వెళ్లేవాడు. జనం చప్పట్లు కూడా దానికే. రహీమ్ దానికి పూర్తిగా రివర్స్‌లో ఆలోచించారు. బంతి వచ్చిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి, తర్వాత ఖాళీ చోటు చూసుకుని పరిగెత్తాలి. మనిషి కంటే బంతి స్పీడ్ ఎక్కువ కదా. ఒంటరిగా ఎంత బాగా పరిగెత్తినా పాస్‌ని అందుకోలేం. ఈ సంగతి లెక్చర్ ఇస్తే పిల్లలకు ఎక్కదు. డ్రిబుల్ చేయడమే రూల్‌కి విరుద్ధం అని టోర్నమెంట్ పెడితే రెండు మ్యాచ్‌ల్లో ఎక్కుతుంది.

రెండోది, బలహీనమైన కాలి టోర్నమెంట్. కుడి కాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలు వాడాలి, ఎడమ కాలివాడు కుడి కాలు వాడాలి. మొదట్లో పిల్లలు తడబడతారు, పడిపోతారు, చూసేవాళ్లు నవ్వుతారు. కానీ అందరికీ ఒకటే కష్టం కాబట్టి ఎవరికీ సిగ్గు ఉండదు. కొన్నాళ్లకు రెండు కాళ్లూ సమానంగా పనిచేస్తాయి. రెండు కాళ్లతో కొట్టగలిగే ప్లేయర్ ఎటు తిరుగుతాడో డిఫెండర్‌కి అంతు చిక్కదు. 25 ఏళ్లు వచ్చాక ఈ అలవాటు చేయడం చాలా కష్టం. పదేళ్ల వయసులో అయితే ఆటలో ఆటగా వచ్చేస్తుంది.

గమనిస్తే ఇవి ఒక టీచర్‌కి మాత్రమే తట్టే ఐడియాలు. తప్పు చేసినవాడిని తిట్టడం కాదు, తప్పు చేసే అవకాశమే లేకుండా ఎక్సర్‌సైజ్ తయారు చేయడం. వీటికి ఖరీదైన కిట్ అక్కర్లేదు. ఒక బంతి, కాస్త ఖాళీ స్థలం ఉంటే చాలు.

పోలీస్ టీమ్.. వరుసగా ఐదు కప్‌లు

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. ఊరి పరిస్థితి మొత్తం మారిపోతున్న రోజులవి. సరిగ్గా ఆ తర్వాతే, 1950 నుంచి, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ దేశమంతా మోగిపోయింది. కోచ్ రహీమ్.

ముంబైలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. అదే 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్. ఫైనల్‌లో ఎదురుగా కోల్‌కతా దిగ్గజం మోహన్ బగాన్. రెండు గోల్స్ వెనకబడిన మ్యాచ్‌ను మనవాళ్లు సమం చేశారు, రీప్లేలో గెలిచి కప్ పట్టుకొచ్చారు. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే బెంగాల్ అనుకున్న దేశానికి హైదరాబాద్ అనే ఇంకో అడ్రస్ తెలిసింది.

1950ల రెండో సగంలో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీని కూడా వరుసగా రెండుసార్లు గెలిచింది. నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ లాంటి పేర్లు దేశమంతా పాకాయి. వీళ్లంతా ఇక్కడి లీగ్‌ల్లో, ఇక్కడి గ్రౌండ్లలో తయారైనవాళ్లే.

అమ్ముగూడ కుర్రాడికి సైకిల్ అద్దె

రహీమ్ సాబ్ గురించి చెప్పుకునేటప్పుడు తులసీదాస్ బలరాం కథ తప్పకుండా చెప్పుకోవాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం, బూట్లు కొనుక్కునే స్తోమత లేదు. లోకల్ లీగ్‌లో ఆడుతుండగా రహీమ్ కళ్లలో పడ్డాడు. సంతోష్ ట్రోఫీ సెలక్షన్ క్యాంప్‌కి రమ్మన్నారు.

సమస్య ఎక్కడొచ్చిందంటే, అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కి రోజూ వచ్చి పోవడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బులు లేవు. రాలేనని చెప్పేశాడు. రహీమ్ అక్కడితో వదిలేయలేదు. సైకిల్ అద్దెకు తీసుకోవడానికి కావాల్సిన డబ్బులు తనే ఇచ్చారు. ఈ సంగతి బలరాం ముసలితనంలో కూడా మర్చిపోకుండా చెప్పుకునేవారు.

ఆ సైకిల్ ఎంత దూరం వెళ్లిందో చూడండి. బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టారు. 1962 జకార్తా ఫైనల్‌లో ఆడారు. పీకే బెనర్జీ, చున్నీ గోస్వామి, బలరాం.. ఈ ముగ్గురిని భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులు అంటారు. అర్జున అవార్డు కూడా వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బలరాం కన్నుమూశారు.

ఇదంతా మొదలైంది ఎక్కడ? రోజుకు కొద్దిపాటి అద్దె డబ్బులు లేక ఆగిపోబోయిన చోట. ఇప్పుడు కూడా మన జిల్లాల్లో స్కూల్ గేమ్స్‌కి సెలెక్ట్ అయి, బస్ చార్జీ లేక మానేసే పిల్లలు ఉన్నారు. వాళ్లకి అడ్డం పడేది టాలెంట్ లేకపోవడం కాదు.

10-1 ఓటమి నేర్పిన పాఠం

క్లబ్‌తో పాటు ఇండియా టీమ్ కోచింగ్ కూడా 1950లోనే రహీమ్ చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఫైనల్‌లో ఇరాన్‌పై సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇండియా బంగారు పతకం గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు కూడా నిండని దేశానికి అది మామూలు సంబరం కాదు.

సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. తర్వాతి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో ఓడిపోయారు. అవును, పది గోల్స్. చాలామంది ప్లేయర్లు బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. మన దగ్గర ఎండిన గ్రౌండ్లలో అది అలవాటే. కానీ యూరప్ చలిలో, తడిసిన పచ్చికలో పట్టు దొరకలేదు. ఆ దెబ్బతో దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

కోచ్‌గా ఇది రహీమ్ ఖాతాలో పడ్డ ఓటమే. కానీ ఆయన దాన్ని దాచిపెట్టుకోలేదు, దాని నుంచి నేర్చుకున్నారు. అప్పట్లో యూరప్‌ని ఊపేస్తున్న హంగేరీ టీమ్ ఆటను బాగా స్టడీ చేశారు. సెంటర్ ఫార్వర్డ్‌ని ఎప్పుడూ గోల్ ముందే నిలబెట్టకుండా కాస్త వెనక్కి లాగితే ఏమవుతుంది? అతన్ని కాపలా కాసే డిఫెండర్‌కి అయోమయం. వెంట వెళ్తే వెనకాల ఖాళీ, వెళ్లకపోతే ఇతనికి ఫ్రీ. ఈ పద్ధతిని రహీమ్ మన టీమ్‌కి నేర్పారు. నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 పద్ధతి వైపు కూడా చాలా ముందుగానే అడుగులు వేశారు. బ్రెజిల్ 1958 వరల్డ్ కప్ గెలిచాక ప్రపంచమంతా ఆ పద్ధతి గురించే మాట్లాడుకుంది.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మొదటి రౌండ్‌లో మనకు పడాల్సిన హంగేరీ, తమ దేశంలో గొడవల కారణంగా తప్పుకుంది. క్వార్టర్ ఫైనల్ ఆతిథ్య ఆస్ట్రేలియాతో. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టారు, ఇండియా 4-2తో గెలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు డిసౌజానే.

సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే. కాసేపు మన టీమ్ ఒలింపిక్ ఫైనల్‌కి దగ్గరగా ఉంది. తర్వాత ప్రత్యర్థులు పుంజుకుని 4-1తో గెలిచారు. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ తిన్న దేశం, ఒలింపిక్స్ సెమీస్‌దాకా వెళ్లిన తొలి ఆసియా దేశం అయింది. ఆ టీమ్‌లో బలరాం, నూర్, అజీజ్, జుల్ఫికర్.. ఇంతమంది మన హైదరాబాద్ వాళ్లు.

1960 రోమ్‌లో హంగేరీ, ఫ్రాన్స్, పెరూలతో కష్టమైన గ్రూప్. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నా ముందుకు వెళ్లలేకపోయారు. ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఒలింపిక్స్ ఆడటం అదే చివరిసారి. ఆ టీమ్‌లో రహీమ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఉన్నారు. అయితే ఒక్క మ్యాచ్‌లో కూడా గ్రౌండ్‌లోకి దిగే చాన్స్ రాలేదు. కోచ్ కొడుకైనా బెంచ్ మీదే కూర్చున్నారు.

జకార్తా: ఆఖరి పాఠం

1962 నాటికి రహీమ్ ఆరోగ్యం దెబ్బతింది. అయినా టీమ్‌ని తీసుకుని జకార్తా వెళ్లారు. మొదటి మ్యాచ్‌లో కొరియా చేతిలో ఓటమి. తర్వాత థాయిలాండ్‌పై గెలుపు. కానీ ఆ క్రమంలో మెయిన్ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో కొట్టి సెమీస్‌కి వచ్చారు.

సెమీస్‌లో దక్షిణ వియత్నాం. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ఏం చేయాలి? డిఫెన్స్‌లో నిలబెడితే ప్రతి హెడర్‌కీ ఎగరాలి. రహీమ్ ఎవరూ ఊహించని పని చేశారు. అతన్ని ఫార్వర్డ్‌గా పంపారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్ ఆడిన సంగతి ఆయనకు తెలుసు. ఆ మ్యాచ్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు, ఇండియా 3-2తో గెలిచింది. ప్రతి విద్యార్థి గురించి పూర్తిగా తెలిసిన టీచర్ ఎలా ఉంటారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఫైనల్‌కి ముందు వాతావరణం వేరేగా వేడెక్కింది. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ఇండోనేషియా ఎంట్రీ ఇవ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జీడీ సోంధి తప్పుబట్టారు. దాంతో అక్కడి జనం భారతీయుల మీద మండిపడ్డారు. ప్లేయర్లు భయం భయంగానే స్టేడియానికి చేరుకున్నారు. ఆ గోలలో మనవాళ్లకు వినిపించిన మద్దతు పాకిస్థాన్ హాకీ ప్లేయర్లదని ఆ టీమ్ సభ్యులు తర్వాత చెప్పుకునేవారు.

మ్యాచ్ మొదలైన 20 నిమిషాల్లోనే రెండు గోల్స్. ఒకటి పీకే బెనర్జీ, రెండోది తలకు కుట్లున్న జర్నైల్. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. జ్వరం నుంచి లేచి వచ్చిన గోల్‌కీపర్, హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ ఇంకో గోల్ పడనివ్వలేదు. ముందు వరుసలో బలరాంతో పాటు హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నారు. ఫైనల్ విజిల్. బంగారం మనదే.

1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు.

తర్వాత ఏమైంది?

1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకు కాంస్యం వచ్చింది. కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు పతకమే లేదు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి వాళ్లు హైదరాబాద్ పేరు కొంతకాలం నిలబెట్టారు. నెమ్మదిగా ఊరు క్రికెట్ వైపు తిరిగిపోయింది. ఖాళీ గ్రౌండ్లు తగ్గిపోయాయి.

కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి రహీమ్ పోయి 22 ఏళ్లు. తండ్రికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదన్న బాధ కొడుకు హకీమ్‌కి చివరిదాకా ఉంది. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా, ఇంటర్నేషనల్ రిఫరీగా పనిచేసిన హకీమ్, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో చనిపోయారు. 'మైదాన్' రిలీజ్ చూడలేకపోయారు.

రహీమ్ సాబ్‌కి విగ్రహం ఉందా, అవార్డు ఇచ్చారా అనే చర్చ ఎప్పుడూ ఉంటుంది. ఉండాలి కూడా. కానీ ఆయన వదిలి వెళ్లిన అసలు ఆస్తి వేరే ఉంది. డ్రిబ్లింగ్ లేని మ్యాచ్, ఎడమ కాలి మ్యాచ్. ఈ రెండూ రేపు పొద్దున ఏ ఊరి జెడ్పీ హైస్కూల్లో అయినా మొదలుపెట్టొచ్చు. బడ్జెట్ అక్కర్లేదు, స్టేడియం అక్కర్లేదు. కావాల్సింది గేమ్స్ పీరియడ్‌ని పాఠంలా చూసే ఒక టీచర్, ఆ పీరియడ్‌ని లాక్కోని ఒక స్కూల్, బస్ చార్జీ లేని పిల్లాడి సంగతి పట్టించుకునే ఒక పెద్దమనిషి.

చాదర్‌ఘాట్‌లో ఒకప్పుడు ఈ మూడు పనులూ ఒక్క మనిషే చేశారు.